అమెరికా ఆరోగ్య బీమా సంస్కరణలు – సూక్ష్మానుకరణ నమూనాలు: చారిత్రక పరిశీలన (1957–2019)

వ్యాససంగ్రహం

ఒక చట్టం అమలులోకి రాకముందే దాని ఫలితాలను కంప్యూటరు సహాయంతో అంచనా కట్టే పద్ధతిని సూక్ష్మానుకరణ అంటారు. ఈ పద్ధతి అమెరికాలో ఎలా పుట్టింది, ఆరోగ్య బీమా సంస్కరణలలో దాని పాత్ర ఎలా పెరిగింది, దాని అంచనాలు వాస్తవంతో ఎంతవరకు కలిశాయి అనే అంశాలను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. నమూనా ఇచ్చే సంఖ్య స్వభావరీత్యా రెండు ఊహాప్రపంచాల మధ్య పోలిక. రాజకీయ రంగంలో అది భవిష్యవాణిగా చలామణి అయింది. ఈ రెండు పఠనాల మధ్య అంతరమే ఈ చరిత్రను నడిపిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆరోగ్య బీమా, సూక్ష్మానుకరణ, కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం, తప్పనిసరి బీమా నిబంధన, చిత్రతురగన్యాయం.

1. ఉపోద్ఘాతం

2017 మార్చి 13న అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం ఒక నివేదిక విడుదల చేసింది. ఒబామా కాలంనాటి ఆరోగ్య చట్టంలోని ప్రధాన భాగాలను రద్దుచేసే బిల్లు ఆమోదం పొందితే, చట్టం యథాతథంగా కొనసాగిన స్థితితో పోల్చినప్పుడు 2026 నాటికి బీమా లేనివారి సంఖ్య 2 కోట్ల 40 లక్షలు పెరుగుతుందని, పదేళ్లలో ప్రభుత్వ లోటు 33,700 కోట్ల డాలర్లు తగ్గుతుందని ఆ నివేదిక సారాంశం. మరునాటికి పత్రికలలో, సభలలో, వీధి ప్రదర్శనలలో మొదటి సంఖ్య ఒక్కటే నిలిచింది. ‘పోల్చినప్పుడు’ అన్న మాట దారిలో జారిపోయింది.

ఆ 2 కోట్ల 40 లక్షల మంది ఎవరూ లెక్కపెట్టిన మనుషులు కారు. వారు కంప్యూటరులోని ఒక కల్పిత జనాభాలో బీమా వదులుకున్నవారు. అయినా ఆ సంఖ్య నిజమైన శాసనసభ్యుల ఓట్లను, నిజమైన రోగుల బతుకులను ప్రభావితం చేసింది. లేని మనుషుల లెక్క ఉన్న మనుషుల విధిని నిర్ణయించే స్థితి ఎలా ఏర్పడిందన్నది చరిత్ర అడగవలసిన ప్రశ్న.

ఇటువంటి సంఖ్యకు గల జ్ఞానస్థితిని వివరించడానికి తెలుగు పరిశోధకులకు పరిచితమైన ఒక న్యాయం ఉపకరిస్తుంది. రససిద్ధాంత చర్చలో శ్రీశంకుకుడు నటుడి అనుకరణను చిత్రతురగంతో పోల్చాడు. గోడమీది గుర్రపు బొమ్మను చూసి ‘ఇది గుర్రం’ అనుకొనే జ్ఞానం యథార్థం కాదు, మిథ్య కాదు, సంశయం కాదు, కేవల సాదృశ్యమూ కాదు. వాటన్నిటికంటె విలక్షణమైనది. అనుకరణ నమూనా చెప్పే సంఖ్య కూడా ఇటువంటిదే. దానిని నిజమైన గుర్రంగా భావించి ఎక్కబోయినవారూ, బొమ్మే కదా అని తీసిపారేసినవారూ ఈ చరిత్రలో కనిపిస్తారు.

2. నమూనా స్వరూపం

సూక్ష్మానుకరణలో లెక్క దేశం నుంచి కాక వ్యక్తి నుంచి మొదలవుతుంది. మొదటి దశలో ప్రభుత్వ గృహసర్వేల నుంచి వేలాది కుటుంబాల వివరాలు తీసుకుంటారు. వయస్సు, ఆదాయం, ఉద్యోగం, ఆరోగ్యస్థితి, ప్రస్తుత బీమా మొదలైనవి అందులో ఉంటాయి. ప్రతి సర్వే కుటుంబానికీ ఒక భారాంకం ఉంటుంది. అంటే నమూనాలోని ఒక కుటుంబం దేశంలోని కొన్ని వందల లేదా వేల కుటుంబాలకు ప్రతినిధి.

రెండవ దశలో చట్టం నిబంధనలను ఆ కుటుంబాలకు వర్తింపజేస్తారు. ఒక చిన్న దుకాణంలో పనిచేసే ముప్పై అయిదేళ్ల వ్యక్తిని ఊహించవచ్చు. యజమాని బీమా ఇవ్వడం లేదు. కొత్త చట్టం అతని ఆదాయాన్ని బట్టి ప్రీమియంలో కొంత సబ్సిడీగా ఇస్తుంది. బీమా తీసుకోకపోతే జరిమానా విధిస్తుంది. అతనికి ఎంత సబ్సిడీ వస్తుంది, ఎంత జరిమానా పడుతుంది అన్నది కేవలం గణితం. ఇక్కడివరకు పెద్ద వివాదానికి తావులేదు.

మూడవ దశ మనిషి ప్రవర్తనకు సంబంధించినది. అతను బీమా కొంటాడా, కొనడా? దీనికి రెండు మార్గాలు ఏర్పడ్డాయి. ధర ఇంత శాతం తగ్గితే కొనేవారు ఇంత శాతం పెరుగుతారని గత అనుభవం నుంచి తీసుకున్న డిమాండు వ్యాకోచత్వాన్ని వర్తింపజేయడం ఒకటి. ప్రతి వ్యక్తీ తన ముందున్న ప్రత్యామ్నాయాలను బేరీజు వేసి అధిక ప్రయోజనం ఇచ్చేదాన్ని ఎంచుకుంటాడని భావించడం రెండవది. మొదటిది అనుభవానికి దగ్గరగా ఉంటుంది కాని, ఎన్నడూ జరగని మార్పుల విషయంలో తడబడుతుంది. రెండవది కొత్త పరిస్థితులను ఇముడ్చుకోగలదు కాని, మనిషిని సదా లెక్కలు వేసుకొనే జీవిగా చూస్తుంది. ఈ రెండు మార్గాల తారతమ్యాన్ని, వాటి వెనుక దాగిన ఊహలను షెరీ గ్లీడ్, డాలియా రెమ్లర్, జాషువా గ్రాఫ్ జివిన్ 2002లో మిల్‌బ్యాంక్ క్వార్టర్లీలో ప్రచురించిన వ్యాసంలో విమర్శనాత్మకంగా చర్చించారు.

అమెరికాలో మరొక చిక్కు ఉంది. పనిచేసే వయస్సువారిలో అధికులకు బీమా యజమాని ద్వారానే లభిస్తుంది. యజమాని నిర్ణయం అతని వద్ద పనిచేసే వారందరి ఆదాయ, ఆరోగ్య స్థితులపై ఆధారపడుతుంది. గృహసర్వేలో ఒక వ్యక్తి వివరాలు ఉంటాయి గాని అతని తోటి ఉద్యోగుల వివరాలు ఉండవు. అందువల్ల నమూనాకారులు సర్వేలోని వ్యక్తులను కూర్చి కల్పిత సంస్థలను నిర్మించారు. కల్పిత జనాభాకు కల్పిత కార్యాలయాలు తోడయ్యాయి.

3. ఆవిర్భావం

ఈ పద్ధతికి మూలపురుషుడు గై ఆర్కట్. 1957లో రివ్యూ ఆఫ్ ఎకనామిక్స్ అండ్ స్టాటిస్టిక్స్‌లో వెలువడిన వ్యాసంలో ఆయన ఒక కొత్త ఆలోచనను ప్రతిపాదించారు. అప్పటి ఆర్థిక నమూనాలు జాతీయాదాయం, మొత్తం వినియోగం వంటి సమష్టి రాశులతో పనిచేసేవి. ప్రభుత్వ విధానాలు మాత్రం వేర్వేరు కుటుంబాలను వేర్వేరుగా తాకుతాయి. సగటు మనిషి అనే జీవి ఎక్కడా లేడు కనుక, వ్యక్తులతోనే లెక్క మొదలుపెట్టి చివరకు మొత్తాన్ని కూడాలన్నది ఆర్కట్ వాదం.

1961లో ఆయన మరి ముగ్గురితో కలిసి ఈ ఆలోచనను గ్రంథరూపంలో విస్తరించారు. జననం, వివాహం, మరణం వంటి జీవనఘట్టాలు కంప్యూటరులోని కుటుంబాలకు సంభావ్యతా సూత్రాల ప్రకారం సంభవించే ఏర్పాటు అందులో ఉంది. ఆ సహరచయితలలో ఆలిస్ రివ్లిన్ ఒకరు. పద్నాలుగేళ్ల తరువాత, 1975లో, కొత్తగా ఏర్పడిన కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయానికి ఆమె తొలి సంచాలకురాలయ్యారు. ఒక పరిశోధనా పద్ధతికీ, శాసనాల ఖర్చును తేల్చే సంస్థకూ మధ్య ఇది కేవలం వ్యక్తిగత సంబంధమే కావచ్చు. అయినా ఆ పద్ధతి విశ్వవిద్యాలయం నుంచి శాసనసభ ప్రాంగణానికి చేరిన క్రమాన్ని అర్థం చేసుకోవడానికి ఇది గుర్తుంచుకోదగినది.

1974 బడ్జెట్ చట్టం ద్వారా ఏర్పడిన ఈ కార్యాలయం ఏ పక్షానికీ చెందనిది. శ్వేతసౌధం ఇచ్చే లెక్కలపై ఆధారపడకుండా కాంగ్రెస్‌కు సొంత లెక్క ఉండాలన్నది దాని ఉద్దేశం. 1968లో స్థాపితమైన అర్బన్ ఇన్‌స్టిట్యూట్ కూడా డెబ్బయ్యవ దశకంలో సంక్షేమ పథకాల, పన్నుల ఫలితాలను లెక్కించే నమూనాలను తీర్చిదిద్దింది. ఆర్కట్ స్వయంగా ఆ సంస్థలో పనిచేశారు.

4. ప్రవర్తనకు కొలమానం: రాండ్ ప్రయోగం

నమూనా ఎంత చక్కగా నిర్మించినా, ధర మారితే మనిషి ఎలా స్పందిస్తాడన్న అంకె బయటినుంచి రావాలి. ఆ అంకెను రాండ్ ఆరోగ్య బీమా ప్రయోగం సమకూర్చింది. జోసెఫ్ న్యూహౌస్ నాయకత్వంలో 1974 నుంచి 1982 వరకు ఆరు ప్రాంతాలలో ఇది సాగింది. సుమారు 2,750 కుటుంబాలను యాదృచ్ఛికంగా వేర్వేరు బీమా పథకాలకు కేటాయించారు. కొందరికి వైద్యం పూర్తిగా ఉచితం. మిగిలినవారు ఒక పరిమితి వరకు ఖర్చులో 25, 50 లేదా 95 శాతం తామే భరించాలి.

ఉచిత వైద్యం పొందినవారు అత్యధిక భారం మోసినవారికంటె గణనీయంగా ఎక్కువ సేవలు వాడుకున్నారు. దీని నుంచి తేలిన డిమాండు వ్యాకోచత్వం సుమారు మైనస్ 0.2. ధర పది శాతం పెరిగితే వైద్య వ్యయం రెండు శాతం తగ్గుతుందని స్థూలంగా దీని అర్థం. ఈ చిన్న అంకె తరువాతి దశాబ్దాలలో అనేక నమూనాలకు పునాదిరాయి అయింది.

ప్రయోగంలో మరొక ఫలితం కూడా ఉంది. భారం మోయవలసి వచ్చినవారు అనవసర వైద్యాన్ని మాత్రమే తగ్గించుకోలేదు, అవసరమైన వైద్యాన్నీ అదే నిష్పత్తిలో తగ్గించుకున్నారు. సగటు మనిషి ఆరోగ్యంలో పెద్ద తేడా కనిపించలేదు కాని, పేదవారైన అధిక రక్తపోటు రోగులకు ఉచిత వైద్యం మేలు చేసింది. మొదటి ఫలితం అంకెగా మారి నమూనాలలో ప్రవేశించింది. రెండవది వాక్యంగానే మిగిలిపోయింది. ఏది సులభంగా అంకె అవుతుందో అదే విధానచర్చలో బలం పొందుతుందనడానికి ఇది తొలి నిదర్శనం.

5. సంఖ్య శక్తి: 1994

1993 సెప్టెంబరు 22న అధ్యక్షుడు క్లింటన్ కాంగ్రెస్ ఉభయసభల ముందు సార్వత్రిక ఆరోగ్య బీమా ప్రణాళికను ప్రకటించారు. దానివల్ల లోటు తగ్గుతుందని ప్రభుత్వం లెక్క చూపింది. రాబర్ట్ రైషౌర్ సంచాలకత్వంలోని బడ్జెట్ కార్యాలయం 1994 ఫిబ్రవరి 8న తన విశ్లేషణ వెలువరించింది. 1995 నుంచి 2000 వరకు లోటు తగ్గడానికి బదులు సుమారు 7,400 కోట్ల డాలర్లు పెరుగుతుందని చెప్పింది. అంతకంటె ముఖ్యంగా, ప్రణాళిక కింద తప్పనిసరిగా చెల్లించవలసిన ప్రీమియంలను ప్రభుత్వ రాబడిగానే బడ్జెట్టులో చూపాలని నిర్ణయించింది.

ఈ రెండవ నిర్ణయం అంచనా కాదు, వర్గీకరణ. అయినా రాజకీయంగా దాని ప్రభావం తీవ్రమైనది. ప్రైవేటు చెల్లింపులుగా ప్రజలకు పరిచయం చేసిన మొత్తం ప్రభుత్వ పద్దుగా దర్శనమిచ్చింది. 1994 సెప్టెంబరు నాటికి ప్రణాళిక వీగిపోయింది. దీనికి బీమా సంస్థల ప్రచారం, పార్టీలోని విభేదాలు, ప్రణాళిక సంక్లిష్టత వంటి కారణాలెన్నో ఉన్నాయి. బడ్జెట్ కార్యాలయం ఒక్కటే దానిని ఓడించిందనడం అతిశయోక్తి. అయితే తరువాతి సంస్కర్తలు నేర్చుకున్న పాఠం స్పష్టం. బిల్లును ముందుగా ఆ కార్యాలయం లెక్కకు తగినట్టు తీర్చిదిద్దాలి.

6. లెక్కకు తగిన చట్టం: 2006–2010

ఆ పాఠం మొదట మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫలించింది. 2006 ఏప్రిల్ 12న గవర్నర్ మిట్ రామ్నీ సంతకం చేసిన చట్టం సబ్సిడీలను, బీమా విపణిని, తప్పనిసరి నిబంధనను ఒకే చట్రంలో చేర్చింది. దాని రూపకల్పన దశలో ఆర్థికవేత్త జొనాథన్ గ్రూబర్ నిర్మించిన సూక్ష్మానుకరణ నమూనాను ఉపయోగించారు. ఆయన తరువాత ఒబామా ప్రభుత్వానికీ విశ్లేషణలు అందించారు.

ఈలోగా బడ్జెట్ కార్యాలయం హిసిమ్ అనే సంక్షిప్త నామంతో సొంత ఆరోగ్య బీమా అనుకరణ నమూనాను సిద్ధం చేసుకొని, 2007 అక్టోబరులో దాని సాంకేతిక వివరణను ప్రచురించింది. రాండ్ సంస్థ, అర్బన్ ఇన్‌స్టిట్యూట్, లెవిన్ గ్రూప్ తమ తమ నమూనాలను నిర్మించాయి. 2009 నాటికి ఒకే బిల్లుపై పలు అంచనాలు వెలువడే స్థితి ఏర్పడింది. అధికారిక ప్రామాణ్యం మాత్రం బడ్జెట్ కార్యాలయానిదే.

2009 సెప్టెంబరు 9న ఒబామా తన ప్రణాళిక ఖర్చు పదేళ్లలో సుమారు 90,000 కోట్ల డాలర్లని కాంగ్రెస్ ముందు చెప్పారు. బిల్లు ముసాయిదాలు ఆ పరిధి చుట్టూ తిరిగాయి. సబ్సిడీలు, మెడికెయిడ్ విస్తరణ 2014లో గాని ప్రారంభం కావు. అందువల్ల 2019తో ముగిసే పదేళ్ల లెక్కలో వాటి ఖర్చు ఆరేళ్లదే కనిపిస్తుంది. 2010 మార్చి 20 నాటి తుది అంచనా ప్రకారం ఈ చట్టం 2019 నాటికి బీమా లేనివారిని 3 కోట్ల 20 లక్షల మేరకు తగ్గిస్తుంది, పదేళ్లలో లోటును 14,300 కోట్ల డాలర్లు తగ్గిస్తుంది. మూడు రోజుల తరువాత ఒబామా చట్టంపై సంతకం చేశారు. ఇక్కడ నమూనా చట్టాన్ని వర్ణించే స్థాయి దాటి, చట్టం ఆకృతిని తీర్చే స్థాయికి చేరింది.

7. అంచనా – వాస్తవం

అంచనాలో లేని మొదటి సంఘటన న్యాయస్థానంలో జరిగింది. 2012 జూన్ 28న సుప్రీంకోర్టు తప్పనిసరి నిబంధనను సమర్థిస్తూనే, మెడికెయిడ్ విస్తరణను రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. 2014 ఆరంభంలో సుమారు సగం రాష్ట్రాలే విస్తరణను చేపట్టాయి. కుటుంబాల ప్రవర్తనను ఊహించిన నమూనాలో న్యాయమూర్తుల, గవర్నర్ల ప్రవర్తనకు చోటు లేదు.

రెండవ వ్యత్యాసం విపణికి సంబంధించినది. కొత్త బీమా విపణులలో 2016 నాటికి 2 కోట్ల 10 లక్షల మంది చేరతారని 2010లో అంచనా వేస్తే, చేరినవారు దానిలో సగం మాత్రమే. సబ్సిడీ తక్కువగా అందే మధ్యతరగతివారు అనుకున్నంతగా ముందుకు రాలేదు. మరోవైపు విస్తరణ చేపట్టిన రాష్ట్రాలలో మెడికెయిడ్‌లో చేరినవారు అంచనాకు మించారు.

ఈ అంచనాలను గ్లీడ్, ఆమె సహరచయితలు 2015లో కామన్‌వెల్త్ ఫండ్ కోసం సమీక్షించారు. బడ్జెట్ కార్యాలయం విపణిలో చేరికలను సుమారు 30 శాతం ఎక్కువగా, మెడికెయిడ్ చేరికలను సుమారు 14 శాతం తక్కువగా ఊహించిందని వారు తేల్చారు. అయినా ఇతర ప్రముఖ సంస్థలలో చాలావాటి అంచనాలకంటె అది వాస్తవానికి దగ్గరగా ఉందని కూడా నిర్ధారించారు. జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం 2010లో 4 కోట్ల 86 లక్షలుగా ఉన్న బీమా లేనివారు 2016లో 2 కోట్ల 86 లక్షలకు తగ్గారు. మార్పు దిశ సరిగానే అంచనాకు అందింది. ఆ మార్పు ఏ దారిన వస్తుందన్నది మాత్రం అందలేదు.

8. తప్పనిసరి నిబంధన: 2017–2019

చిత్రతురగాన్ని నిజమైన గుర్రంగా చూసిన సందర్భం 2017లో స్పష్టంగా కనిపిస్తుంది. మార్చి నివేదికలోని 2 కోట్ల 40 లక్షల సంఖ్యలో 1 కోటి 40 లక్షల మంది మరుసటి ఏడాదే, అంటే 2018లోనే బీమా లేనివారవుతారని చెప్పారు. వారిలో అధికులు జరిమానా తొలగడం వల్ల అలా అవుతారన్నది నివేదిక వివరణ. మెడికెయిడ్ కోతల ప్రభావం ఆ తరువాతి ఏళ్లలో పెరుగుతుంది. అంటే తక్షణ ప్రభావానికి ఆధారం జరిమానా భయం, చట్టాన్ని పాటించాలన్న భావన మనుషులను ఎంతవరకు బీమావైపు నడిపిస్తాయన్న ఊహ.

మే 4న ప్రతినిధుల సభ సవరించిన బిల్లును 217–213 ఓట్లతో ఆమోదించింది. సవరించిన రూపానికి బడ్జెట్ కార్యాలయం లెక్క అప్పటికి రాలేదు. సంఖ్య బలం ఎంతటిదో, అది రాకముందే ఓటు వేయాలన్న తొందర చెబుతుంది. జూలై 28 తెల్లవారుజామున సెనేట్‌లో మిగిలిన కురచ బిల్లు 49–51 ఓట్లతో వీగిపోయింది. ఓడించినవారిలో జాన్ మెకెయిన్ ఒకరు. ఆ బిల్లుపై కూడా 2026 నాటికి బీమా లేనివారు 1 కోటి 60 లక్షలు పెరుగుతారన్న అంచనా చర్చలో ఉంది. అదే సంవత్సరం సెనేటర్ మైక్ లీ, బడ్జెట్ కార్యాలయం తన నమూనాలను, దత్తాంశాలను బహిర్గతం చేయాలని కోరుతూ బిల్లు ప్రవేశపెట్టారు. సంఖ్యతో విభేదించడానికి దాని లోపలి భాగం తెలియాలన్న వాదం అది. ఉద్దేశంలో పక్షపాతం ఉన్నా ప్రశ్నలో న్యాయం ఉంది.

చరిత్ర ఆ ఊహను త్వరలోనే పరీక్షించింది. 2017 డిసెంబరులో ఆమోదం పొందిన పన్నుల చట్టం 2019 నుంచి జరిమానాను సున్నా చేసింది. నిబంధన రద్దయితే 2019లో 40 లక్షల మంది, 2027 నాటికి 1 కోటి 30 లక్షల మంది అదనంగా బీమా లేనివారవుతారని కార్యాలయం నవంబరులో చెప్పింది. తన పద్ధతిని సవరిస్తున్నామని, ప్రభావం ఇంతకంటె తక్కువగా తేలవచ్చని అదే పత్రంలో హెచ్చరించింది. 2018లో ఆ ప్రభావాన్ని సుమారు మూడింట ఒక వంతు తగ్గించింది. సెన్సస్ బ్యూరో వారి అమెరికన్ కమ్యూనిటీ సర్వే ప్రకారం బీమా లేనివారు 2016లో 8.6 శాతం, 2019లో 9.2 శాతం. పెరుగుదల ఉంది కాని ఊహించిన ఉప్పెన రాలేదు. చాలామందిని బీమాలో నిలిపింది జరిమానా కంటె సబ్సిడీయే అని దీనినుంచి భావించవచ్చు. 2019లో కార్యాలయం హిసిమ్ స్థానంలో రెండవ తరం నమూనాను ప్రవేశపెట్టింది. అందులో వ్యాకోచత్వాల పద్ధతి నుంచి ప్రత్యామ్నాయాల ఎంపిక పద్ధతికి మారింది.

దీనినిబట్టి 2017 నాటి మొత్తం అంచనా తప్పని తేల్చడం సరికాదు. ఆ బిల్లు అమలు కాలేదు. మెడికెయిడ్ కోతల ఫలితం ఎన్నడూ పరీక్షకు రాలేదు. తిరస్కృతమైన బిల్లుపై వేసిన అంచనాకు సాక్ష్యం దొరకదు. ఈ పద్ధతికి గల మౌలిక పరిమితి ఇదే. చట్టాన్ని ఆపడంలో సఫలమైన అంచనా తన నిజానిజాలు తేలే అవకాశాన్ని తానే తొలగించుకుంటుంది.

9. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని అంశాలు తేలుతున్నాయి. సూక్ష్మానుకరణ సగటు మనిషి స్థానంలో వేర్వేరు కుటుంబాలను నిలిపి, సంస్కరణ వల్ల ఎవరికి మేలు, ఎవరికి కీడు అన్న ప్రశ్నను శాసనసభ ముందు ఉంచింది. ఇది దాని ఘనత. రాండ్ ప్రయోగపు రెండు ఫలితాలలో ఒకటే నమూనాలలో స్థిరపడడం, అంకెగా మారనిది చర్చ నుంచి తప్పుకుంటుందని చూపింది. ఇది దాని పరిమితి. 1994 నుంచి చట్టాలే లెక్కకు తగినట్టు రూపొందడం వల్ల నమూనా సాక్షి స్థానం నుంచి పాత్రధారి స్థానానికి మారింది. కొలిచే కొలబద్దే కొలవబడే వస్తువును మార్చితే, ఆ కొలబద్ద నిర్మాణం పౌరులకు తెలియవలసిన విషయమవుతుంది.

2 కోట్ల 40 లక్షల మందిని భవిష్యవాణిగా చదివినవారు బొమ్మను గుర్రమనుకున్నారు. అంచనా తప్పింది కనుక నమూనాలే వ్యర్థమన్నవారు బొమ్మలో గుర్రపు రూపాన్నే చూడలేదు. ఆ సంఖ్య నిజానికి అడిగిన ప్రశ్న చిన్నది. ఈ మార్పు చేస్తే, చేయకపోతే, మనుషుల గురించి మన ఊహలు నిజమైతే, తేడా ఎంత? ఆ మూడు షరతులతో సహా సంఖ్యను చదవడం ఆరోగ్య విధానాన్ని అధ్యయనం చేసేవారికి అవసరమైన మొదటి అభ్యాసం. ఎందుకంటే నమూనాలోని కుటుంబానికి భారాంకం మాత్రమే ఉంటుంది. అది ప్రాతినిధ్యం వహించే కుటుంబాలలో ప్రతిదానికీ జబ్బు, ఖర్చు, అప్పు ఉంటాయి.